మూడు జతల బ్రేకు ప్యాడ్లు

ఆ నెలంతా నా చొక్కా జేబులో అరిగిపోయిన బ్రేకు ప్యాడ్ ఒకటి ఉండేది. బ్యాంకుకు వెళ్లినా, పెళ్లికి వెళ్లినా వెంట అదే. జేబు అడుగున నల్లటి మరక పడింది. మా ఆవిడ ఆ చొక్కాను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "పోర్టులో అన్నేళ్లు సేసినప్పుడు కూడా ఇంత మురికి ఇంటికి తేనేదు. రిటైరయ్యాక ఏటీ అవతారం?" అంది. నేను స్నానానికి వెళ్లిపోయాను.

పోర్టులో నేను చేసింది గుమాస్తా పని. ఓడలు కిటికీలోంచి కనిపించేవి, అంతే. ఇనుముతో నా పరిచయం గుండుసూది దగ్గర మొదలై స్టేప్లరు దగ్గర ఆగిపోయింది. అలాంటివాణ్ణి, ఊరికే కూర్చుంటే కాళ్లూ చేతులూ పడిపోతాయని ఎవరో భయపెడితే, వెనకా ముందూ చూడకుండా ఒక పాత ఏటీవీ కొన్నాను. నాలుగు లావుపాటి టైర్లు, మధ్యలో మోటారు సైకిలు సీటు, హ్యాండిలు. ఇసుకలో కూరుకుపోకుండా నడుస్తుంది. భీమిలి రోడ్డు బీచిల్లో జనాన్ని ఎక్కించి ఒక రౌండు తిప్పుతారే, అది. దాని మీద కంపెనీ పేరున్న చోట ఎవరో ఎర్ర రంగు కొట్టేశారు. అది ఏ కంపెనీ బండో నాకు ఇప్పటికీ తెలీదు.

బండి ఉండేది బీచి పక్కనే ఒక పెద్దాయన పాకలో. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు, మావా అని పిలవడం అలవాటైంది. ఆయన నన్ను అల్లుడూ అంటాడు. జీవితమంతా చేపల వేటకు వెళ్లే మోటారు బోట్ల మీద గడిపినవాడు. కంట్లో పొర ముదిరాక కూతురు సముద్రం మీదికి వెళ్లనివ్వడం మానేసింది. ఏడాదిగా గడప దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ల మీద విసుక్కుంటున్నాడట. నేను బండి తాళం ఆయన చేతిలో పెట్టిన రోజు ఇంట్లోకి వెళ్లి ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. టైర్లకు పసుపు కుంకుమ పెట్టాడు. "నాకు బళ్ల సంగతి తెలీదు మావా, నీ బోటులాగే చూసుకో" అన్నాను. మర్నాటి నుంచి, నేను తొమ్మిదికి రమ్మంటే ఆరింటికే తయారు. "మా అయ్య ఏలకి బువ్వ తింతన్నాడండీ" అని ఆయన కూతురు సంబరంగా చెప్పింది.

నిజం చెప్పాలంటే బండి వల్ల నాకు ఒరిగింది తక్కువ. ఆయనకే అది ఉద్యోగం.

ఆ ఆదివారం నీలం గౌను వేసుకున్న ఒక పిల్ల ఎక్కింది. పదేళ్లుంటాయి. వెనక వాళ్ల నాన్న కూర్చున్నాడు. మా బీచిలో ఇసుక నీళ్లవైపు కాస్త వాలుగా ఉంటుంది. పిల్ల నెమ్మదిగానే నడుపుతోంది. వాలు దగ్గర బ్రేకు తొక్కింది. బండి ఆగలేదు. తీరిగ్గా, ఎవరో పిలిచినట్టు, నీళ్లలోకి వెళ్లిపోయింది. మావ పంచె పైకి కట్టి పరిగెత్తి హ్యాండిలు పట్టుకునేసరికి కెరటం పిల్ల మోకాళ్ల దాకా వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తండ్రి నవ్వలేదు, నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టాడు. పిల్ల మాత్రం ఏడవకుండా నా దగ్గరికి వచ్చి, "అంకుల్, నేను గట్టిగానే తొక్కాను, అదే ఆగలేదు" అంది.  బండి బాగయ్యేదాకా ఎవరి పిల్లల్నీ ఎక్కించనని ఆ పూటే మావకు చెప్పేశాను.

గోపాలపట్నంలో మా వీధి చివర ఒక మెకానిక్ ఉన్నాడు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, అయినా అందరూ అతనికి బావలే. స్కూటరు మీద సామాను కట్టుకుని బీచికి వచ్చి, బండి వెనక ఇసుకలో పడుకుని చూశాడు.

"ముందు బ్రేకులు పేరుకేనుంటాయి బావ. బండిని ఆపీది ఎనకాలిదే. ఈ డిస్కుని రెండేపులా నొక్కీవి ప్యాడ్లు. అయ్యి అయిపోనాయి. శాంపిలు పట్టుకెల్లి కొత్తవి తే" అని అరిగిన ప్యాడ్ ఒకటి పీకి నా చేతిలో పెట్టాడు. బిస్కెట్టంత ఇనుప రేకు, దాని మీద గోరంత మందాన నల్లటి పొర. ఇంతేనా, ఇంత చిన్నదా మనిషిని ఆపేది, అనుకున్నాను.

గాజువాకలో మొదటి షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "సార్, మెత్తటి రకం తీసుకోండి. డిస్కు పాడవదు" అన్నాడు. పక్క షాపాయన విని, "ఇసకలో తిరిగీ బండికి మెత్తటిదేటండీ, వారంలో పిండైపోద్ది. మెటల్ ది ఎయ్యండి" అన్నాడు. మెటల్ ది అంటే లోహపు పొడిని వేడిలో నొక్కి చేసిందట. తడిలో కూడా పట్టుకుంటుంది, కానీ డిస్కును తినేస్తుందట. మొదటాయన అందుకుని, "డిస్కు పోతే నువ్వు కొనిత్తావేటి?" అని అతని మీదికి వెళ్లాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నాకు చెబుతున్నారు. పోర్టులో ఒకే ఫైలు మీద ఇద్దరు అధికారులు రెండు రకాలుగా రాస్తే మూడో ఆయన దగ్గరికి పంపేవాళ్లం. ఇక్కడ మూడో ఆయన్ని నేనే. ఆకారాలు కూడా అన్నీ ఒకేలా ఉంటాయి, తీరా దగ్గర పెడితే బోల్టు దూరే చెవి దగ్గర బొక్క అర అంగుళం పక్కకు ఉంటుంది. గంటసేపు నిలబడి, అరిచినాయన మీద జాలిపడి మెత్తటి రకం కొన్నాను.

మెకానిక్ వచ్చాడు. రెండు బోల్టులు విప్పి, డిస్కును దవడలా కరిచిపట్టుకునే ఇనుప ముక్కను పక్కకు లాగాడు. పాత ప్యాడ్లు తీసి, వాటిని నెట్టే లోపలి పిస్టన్ ను వెనక్కి నొక్కి, కొత్తవి దూర్చాడు. గుడ్డను పెట్రోల్లో తడిపి డిస్కును రుద్దాడు. బిగించి, బ్రేకు పెడలు గట్టిపడేదాకా తొక్కాడు. మావ ఈ లోపు టీలకు వెళ్లొచ్చాడు. నేను వాలు మీద నడిపి చూశాను. కాలు పెట్టగానే బండి నిలబడిపోయింది. ఆనందం పట్టలేక మెకానిక్ ను కౌగిలించుకోబోయాను, కానీ అతని చొక్కా నా జేబుకంటే ఘోరంగా ఉంది.

ఆ ఆనందం రెండు రోజులు. మూడో రోజు పొద్దున్న నేను నడిపితే మళ్లీ ఆ తీరిగ్గా జారడమే.

"మెత్తటిది తెచ్చినావు బావ, అదే తప్పు" అన్నాడు మెకానిక్. సీతమ్మధారలో ఒక పెద్ద షాపుకు వెళ్లి మెటల్ రకం తెచ్చాను. వేశాడు. మళ్లీ పెట్రోలు గుడ్డ, మళ్లీ పెడలు తొక్కడం, మళ్లీ బండి ఆగడం. మర్నాడు కాస్త తేడా. ఆ మర్నాడు పూర్తిగా జారుడు. ఈసారి అతను ప్యాడ్లు విప్పి వేలితో రుద్ది, "ఆయిల్ తగిలినాది బావ. బ్రేకాయిలు కారతంది" అని లోపలి రబ్బర్లన్నీ మార్చాడు. బ్రేకాయిలు ఉండే చిన్న డబ్బాను నేనూ చూశాను. గీత దగ్గర ఎంత ఉండాలో అంతే ఉంది. బయటికి వచ్చింది లోపల తగ్గాలి కదా. తగ్గకుండా ఎక్కడి నుంచి వస్తుంది? అతన్ని అడిగితే తల గోక్కున్నాడు. నేను పేపరు మీద రాసుకుని చూశాను. ఎటునుంచి చూసినా లెక్క తెగలేదు. ప్యాడ్ వాసన చూస్తే ఇంజనాయిలు వాసన. ఇంజను పక్కన ఇంజనాయిలు వాసన రాక సాంబ్రాణి వాసన వస్తుందా!

మావను కూడా అడిగాను, "నువ్వు బాగానే కడుగుతున్నావు కదా?" అని. "ఉప్పు బొట్టు నేకుండా కడుగుతన్నాను అల్లుడూ, సూసుకో" అన్నాడు. చూశాను. పక్క బళ్లన్నీ తుప్పు మొహాలు వేసుకుని ఉంటే మాది కొత్త పెళ్లికొడుకులా ఉంది. "డిస్కు అద్దంలా ఉంది మావా" అన్నాను కూడా. ఆయన మురిసిపోయాడు.

రబ్బర్లు మార్చాక కూడా బండి జారింది. అక్కడితో నా ఓపిక చచ్చిపోయింది. తప్పు ప్యాడ్ దా, డిస్కుదా, మెకానిక్ దా, ఎర్ర రంగు కింద దాక్కున్న కంపెనీదా, అసలు ఈ వయసులో దీని జోలికి వెళ్లిన నాదా, ఏమీ తెలియడం లేదు. పాత బళ్లు కొనే ఒకతనికి ఫోను చేసి ఆదివారం వచ్చి చూసుకోమన్నాను. ఆ సంగతి మావకు చెప్పాను. "మరి తాళం నీకిచ్చీమంటావేటి?" అన్నాడు. ఆదివారం దాకా ఉంచుకోమన్నాను. బస్సులో ఇంటికి వస్తుంటే ఏదో దొంగతనం చేసినట్టు అనిపించింది.

నేను రోజూ నాలుగున్నరకల్లా బస్సెక్కేస్తాను, ఆ తర్వాత అయితే కాలు పెట్టే చోటుండదు. మావ బండి కడగడం అందుకే ఎప్పుడూ చూడలేదు. ఆ శనివారం బస్‌స్టాపు దాకా వెళ్లాక కళ్లజోడు పాకలో మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాను. ఇంకా ఎండ ఉంది. మావ బండి వెనక గొంతుక్కూర్చుని ఉన్నాడు. బండి కడగడం అయిపోయింది. పక్కన ఒక పాత సీసా, అందులో డీజిల్లో కలిపిన ఇంజనాయిలు. చేతిలో గుడ్డ. ముందు బోల్టులకు రాశాడు. తర్వాత ఇరుసుకు. తర్వాత మొహం బాగా దగ్గరికి పెట్టి, వేలితో తడిమి చూసుకుంటూ, డిస్కుకు రాశాడు. బండిని జానెడు ముందుకు నెట్టి, దవడ కింద దాగిన భాగం బయటికి వచ్చాక అక్కడా రాశాడు. మళ్లీ జానెడు నెట్టాడు.

"ఏం చేస్తున్నావు మావా!" అని గట్టిగా అరిచాను.

ఆయన ఉలిక్కిపడి, నన్ను పోల్చుకుని నవ్వాడు. "రేపు ఆ మడిసి ఒత్తాడు కదా. బాగా కనపడితే నీకు నాలుగు డబ్బులెక్కువిత్తాడని" అన్నాడు.

"రోజూ రాస్తావా ఇలాగే?"

"రోజూనే. నేకపోతే తెల్లారేసరికి ఎర్రగా అయిపోద్ది. ఉప్పుగాలి కదేటి. బోటు ఒడ్డుకొచ్చినాక ఇనప ముక్కకి నూని రాయకుండా ఏ రోజూ ఇంటికెల్నేదు నాను."

నెలరోజుల కోపం నోటిదాకా వచ్చింది. గాజువాక, సీతమ్మధార, నా జేబు మరక, అన్నీ. కానీ ఆయన చేతిలో ఇంకా ఆ గుడ్డ ఉంది. పక్కన ఇసుకలో కూర్చుని చెప్పాను. ప్యాడ్లు డిస్కును పట్టుకుంటేనే బండి ఆగుతుందని, నూనె ఉంటే జారిపోతాయని, ఆ నూనె ప్యాడ్లు పీల్చుకుంటే ఇక పనికిరావని. పొద్దున్న వచ్చే తుప్పు ఒకసారి బ్రేకు పడితే అదే రాలిపోతుందని. ఇదంతా నాకూ ఆ నిమిషంలోనే తెలిసింది, కానీ ఎన్నో ఏళ్లుగా తెలిసినవాడిలా చెప్పాను.

ఆయన గుడ్డను మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు.

"బోటుకి బ్రేకులుండవు కదల్లుడూ" అన్నాడు. తర్వాత, దెప్పినట్టు కాదు, తనకు సరిగ్గా గుర్తుందో లేదో కనుక్కుంటున్నట్టు, "నువ్వే కదా సెప్పినావు, బోటులాగ సూసుకోమని" అన్నాడు.

అవును, నేనే చెప్పాను. చెప్పింది చెప్పినట్టు చేశాడు. నేనేమో నెలరోజులు షాపుల చుట్టూ తిరిగాను.

"ఐతే ఆ పిల్ల నీల్లలోకెల్లిపోనాది నా మూలానేటి?"

"కాదు మావా. నాది తప్పు" అన్నాను. ఆయన నమ్మలేదు. సీసాకు మూత పెట్టి, పాక బయట దూరంగా పెట్టి వచ్చాడు.

ఆ సాయంత్రమే బళ్లు కొనే అతనికి రావద్దని ఫోను చేశాను. మర్నాడు మెకానిక్ మూడో జత వేశాడు. సంగతి వినగానే పడీపడీ నవ్వబోయి, మావ మొహం చూసి మానేశాడు. ఆ జత ఏ రకమో అడక్కండి, గోపాలపట్నంలో ఎదురైన మొదటి షాపులో దొరికినది తెచ్చాను. మెత్తటిది మంచిదా మెటల్ ది మంచిదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

మావ బండి దగ్గరికి రాకుండా తాటిదుంగ మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ బండిని కడిగాడు, తుడిచాడు, ఒక్కసారి కూడా ఎక్కలేదు. బలవంతంగా లాక్కొచ్చి వెనక కూర్చోబెట్టుకున్నాను. నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. పిల్ల వెళ్లిన వాలు మీంచే నడిపి, ఆ చోటే పెడలు తొక్కాను. ముందు చక్రం నీళ్లకు బారెడు ఇవతల ఆగింది. ఆయన చేతులు మాత్రం నా భుజాలు వదల్లేదు.

"ఆగినాదేటి?" అన్నాడు.

"ఆగింది మావా."

కెరటాల వైపు తల తిప్పి, "ఆ పిల్ల మల్లీ ఒత్తాదేటి?" అని అడిగాడు.

ఏ ఊరి పిల్లో, ఎవరి పిల్లో నాకేం తెలుసు? వస్తుందన్నాను.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని రోడ్డు వైపు తిరిగి కూర్చుంటాడు. కార్లలోంచి పిల్లలు దిగినప్పుడల్లా, "అల్లుడూ, నీలం గౌనేనా?" అని నన్ను అడుగుతాడు.