ఓడ తాత స్పానిష్

ఆ రోజుల్లో నాకు మనుషుల మీద కన్నా అనుమానం మీద నమ్మకం ఎక్కువ. పాలవాడు నీళ్ళు కలిపాడేమోనని గిన్నెలో వేలు ముంచి చూసేవాణ్ణి. దర్జీ టేపు ఎక్కడ సాగదీస్తాడోనని రెప్ప వెయ్యకుండా నిలబడేవాణ్ణి. టాటానగర్‌లో, కద్మా పేటలో మా ఇంటికి చుట్టాలెవరైనా ఉత్తినే వచ్చారంటే, ఉత్తినే ఎందుకొస్తారని వాళ్ళు వెళ్ళేదాకా ఆరా తీసేవాణ్ణి. (అంతా మా అమ్మ పోలిక. ఆ సంగతి కాసేపట్లో మీకే తెలుస్తుంది.) ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి మోసం చెయ్యడం తప్ప లోకానికి వేరే పని లేదనుకోవడం కూడా ఒక రకం గర్వమేనని ఇప్పుడు తోస్తోంది గానీ, అప్పుడు దాన్ని నేను తెలివనుకునేవాణ్ణి.

ఐటీఐ పాసై ఆదిత్యపూర్‌లో ఒక చిన్న కార్ఖానాలో టెంపరరీ ఫిట్టర్‌గా చేరాను. మా నాన్న పెద్ద కంపెనీలో క్రేను నడిపేవాడు. "పర్మనెంటు అవనోడికి పిల్లనెవుడిత్తాడ్రా" అని భోజనానికి కూర్చున్నప్పుడల్లా అనేవాడు. అలాంటి రోజుల్లో మా మేనేజరు ఒక కబురు చెప్పాడు. స్పెయిన్ నుంచి కొత్త మిషను వస్తోంది, దాన్ని బిగించడానికి అక్కడి మెకానిక్ ఒకాయన వచ్చి ఆరు వారాలుంటాడు, ఆయనకి ఇంగ్లీషు రాదు. బజారుకి తీసుకెళ్ళడానికీ, అన్నం నీళ్ళూ కనుక్కోవడానికీ మనలో ఒకడు ఆ భాష నాలుగు ముక్కలు నేర్చుకోవాలి. నేర్చుకున్నవాడి సంగతి తను చూసుకుంటాడు. ఆ చివరి మాట పూర్తికాకుండానే నా చెయ్యి లేచింది.

సాక్చీలో పాతపుస్తకాల వాడి దగ్గర ఒక స్పానిష్ పుస్తకం దొరికింది. సగం పేజీలు చెదలు తిన్నవే. అందులో రాసినట్టు పలకడానికి నాలుక తిరగక సతమతమవుతుంటే, జుగ్సలాయిలో గోదాముల వెనక సందులో మన భీమిలి ముసలాయన ఒకడున్నాడని మా నాన్న చెప్పాడు. ఆయన్ని అందరూ ఓడ తాత అనేవారు. వయసులో ఉండగా సరుకుల ఓడల్లో భండారీగా, అంటే వంటవాడిగా పనిచేశాడట. ఒకసారి ఓడ మరమ్మతుకని స్పెయిన్‌లో కాదిస్ రేవులో నాలుగు నెలలు ఆగిపోతే, రోజూ బజారుకెళ్ళి బేరాలాడి ఆ భాష పట్టేశాడట. ముసలితనంలో కొడుకు ఇల్లు ఇక్కడైతే ఇక్కడ తేలాడు. పాఠం చెప్పడానికి ఏమీ పుచ్చుకోనన్నాడు. నాకు మొదటి అనుమానం అక్కడే మొదలైంది. ఉత్తినే చెప్పేవాణ్ణి ఎలా నమ్మడం?

రెండో అనుమానం పాఠంతో పాటే వచ్చింది. "రాసుకో బావూ. కమీసా అంటే సొక్కా. మేసా అంటే బల్ల. హబోన్ అంటే సబ్బు. పాన్ అంటే రొట్టి." నేను పెన్సిలు కింద పెట్టేశాను. కమీసా అంటే కమీజ్. మేసా అంటే మేజ్. హబోన్ అంటే సాబున్‌కి జలుబు చేసినట్టుంది. ఇక పాన్ అంటే కిళ్ళీ అని జుగ్సలాయిలో ఏ గోడనడిగినా చెబుతుంది. ముసలాయన హిందీకి టోపీ పెట్టి స్పానిష్ అని అమ్ముతున్నాడని తేల్చుకున్నాను. (పుస్తకంలో చూద్దామంటే బట్టలూ సామాన్లూ ఉన్న పేజీలే చెదలు తిన్నాయి. చెదల మీద కూడా అనుమానపడ్డాను.) పరీక్షిద్దామని, రాసుకున్న ఇరవై మాటలూ వారం తర్వాత తారుమారు చేసి అడిగాను. "పోలీసోడిలా అడుగుతన్నావేటి?" అని నవ్వుతూనే ఇరవైకి ఇరవై చెప్పాడు. అబద్ధమైతే అంత గుర్తుండదని అనుకోవాలి కదా. నేనేమో, ఎంత బాగా బట్టీ పట్టాడో అనుకున్నాను.

ఈలోగా ఇంట్లో నా మీద వేరే కేసు నడుస్తోంది. 'కాంతో వాలే' అంటే 'ఎంత' అని తాత చెప్పాడు. నేను కుళాయి దగ్గర, సైకిలు తుడుస్తూ, అన్నం కలుపుతూ "కాంతో, కాంతో" అని గొణుక్కునేవాణ్ణి. ఒక ఉదయం అమ్మ గరిట పట్టుకుని ఎదురు నిలబడింది. "ఎవుర్రా ఆ కాంత?"

"కాంత కాదమ్మా, కాంతో. స్పానిష్."

"పేనీసో, కిరస్తానీయో, పిల్లదే కాదేటి!"

ఆదివారం నా వెనకాలే రిక్షా కట్టించుకుని జుగ్సలాయి వచ్చేసింది. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి తాతగారి కోడలు, నలుగురు పిల్లల తల్లి. ఆవిడ మా అమ్మకి టీ ఇచ్చింది, తాత భీమిలి కబుర్లు చెప్పాడు. అమ్మ తిరుగుదారిలో, "మనుషులు మంచోళ్ళే. పిల్లని ఎక్కడ దాచీసినారో మరి" అంది.

గొడవ మాత్రం 'ధన్యవాదాలు' దగ్గర వచ్చింది. తాత 'గ్రాసియా' అనేవాడు. నా పుస్తకంలో 'గ్రాథియాస్' అని ఉంది. పొద్దుటి పలకరింపుకి తాత 'బ్వేనో దియా' అంటే పుస్తకం 'బ్వేనోస్ దియాస్' అంటోంది. దొంగ దొరికాడని నా గుండె ఉప్పొంగింది. పుస్తకం ఆయన ముందు పరిచాను.

"పుస్తకం ఏ రేవులో దిగిందిరా?" అన్నాడు తాత.

"నువ్వు ఏ రేవులో దిగావు తాతా? అసలు ఓడెక్కావా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. తాత కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుని లోపలికెళ్ళిపోయాడు. నేను గెలిచాననుకుంటూ సైకిలెక్కాను. మళ్ళీ ఆ సందులోకి వెళ్ళలేదు.

మెకానిక్ కలకత్తా బండిలో పొద్దున్నే టాటానగర్‌లో దిగాడు. లావుపాటి మనిషి, చెమటతో తడిసి ముద్దయ్యాడు. నేను ముందుకెళ్ళి పుస్తకం ప్రకారం స్వాగతం చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని "బ్వేనో దియా, గ్రాసియా, గ్రాసియా" అన్నాడు. నేను వెంటనే మేనేజరు చెవిలో, "సాబ్, ఈయన పాస్‌పోర్టు ఒకసారి చూస్తే మంచిదేమో, అసలైనవాడిలా లేడు" అన్నాను. (దేవుడి మీద ఒట్టు. అన్నాను.) మేనేజరు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. ఇంతలో పాపం ఆ మనిషి, పెట్టె ఎక్కడో వెనకబడిపోయిందని చేతులు తిప్పి చెబుతూ, ఒంటికంటుకున్న చొక్కా లాగి చూపించి, "కమీసా! కమీసా!" అన్నాడు.

"అచ్ఛా, కమీజ్!" అన్నాడు మేనేజరు, స్పానిష్ ఒక్క ముక్క నేర్చుకోకుండానే.

తాత చెప్పిందంతా నిజమేనని ప్లాట్‌ఫారం మీదే తేలిపోయింది. ఆ సాయంత్రమే జుగ్సలాయి వెళ్ళాను. కోడలు గుమ్మంలోనే "మాంగారు నేరు" అంది. లోపల్నుంచి ఆ లేని మాంగారి దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆదివారం నాడు మెకానిక్కునే వెంటబెట్టుకెళ్ళాను. గుమ్మం బయట నుంచి ఆయన గట్టిగా పలకరించాడు. లోపల్నుంచి అదే యాసలో జవాబొచ్చింది. ఆ లావుపాటి మనిషి నిలువునా ఆగిపోయాడు. తాత బయటికొచ్చాడు. తర్వాత గంటసేపు ఆ గోదాముల సందులో ఏం జరిగిందో నాకు మూడు మాటలు తప్ప తెలియలేదు: ఉప్పు, చేప, రొట్టె. ఆ మెకానిక్‌ది కూడా ఆ సముద్రపు ఒడ్డేనట. ఒకసారి మెకానిక్ కళ్ళు తుడుచుకున్నాడు. ఒకసారి ఇద్దరూ నన్ను చూసి పగలబడి నవ్వారు. (ఏమన్నారో తాత చచ్చేదాకా చెప్పలేదు.)

కోడలు పెట్టింది తిని మెకానిక్ చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, "తాతా, తప్పయిపోయింది" అన్నాను.

"నాను ఓడెక్కానని నాను సెప్తే నమ్మలేదు. దొరొచ్చి సెప్తే నమ్మీసినావు" అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. తనే మళ్ళీ, "మనం 'వస్తున్నాను' అంటామేటి? 'వత్తన్నాను' అంటాం. పుస్తకంలో నేదని అది తెలుగు కాదేటి? ఆ రేవోళ్ళూ అంతే బావూ, 'స' మింగెత్తారు" అన్నాడు.

మిగతా వారాలన్నీ తాతని దుబాసీగా సైకిలు క్యారేజీ మీద కార్ఖానాకి తీసుకెళ్ళాను. మిషను బిగిసింది. నన్ను పర్మనెంటు చేస్తూ మేనేజరు, "నీ స్పానిష్‌కి కాదు, సరైన మనిషిని తెచ్చినందుకు" అన్నాడు. మెకానిక్ వెళ్ళిపోయిన మర్నాడు నోటుబుక్కు పట్టుకుని తాత దగ్గరికెళ్ళి, మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాను. దేనికని అడగలేదాయన. చెప్పాడు.

ఆ భాషతో నాకు మళ్ళీ పని పడలేదు. తాత పోయాక ఈ ఊళ్ళో దాన్ని నాతో మాట్లాడేవాళ్ళూ లేరు. నోటుబుక్కు కనబడినప్పుడల్లా, సైకిలు మీద పుస్తకం పెట్టుకుని గెలిచినవాడిలా తొక్కుకుంటూ పోయిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. ఇప్పుడు ఎదురుపడితే వాణ్ణి తిట్టను. పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇప్పిస్తాను. వాడు టీ వైపోసారి, నా వైపోసారి చూసి, ఈ పెద్దాయన ఉత్తినే ఎందుకిప్పిస్తున్నాడా అనుకుంటాడు. అనుకోనీ. చల్లారేలోగా తాగితే చాలు.