చచ్చిన చెవికి ఇనవడ్డ సప్పుడు

బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమంటే పెట్టి చెప్త. ఇందుల ఒక్క మాట కూడ నేను అల్లింది లేదు. నవ్వేటోళ్లు ఇప్పుడే నవ్వున్రి. మధ్యల నవ్వితె నేను చెప్ప.

ఎనభై ఆరో... ఎనభై ఏడో. వానకాలం. అప్పుడు మేము హసన్‌పర్తిల, చెరువు దిక్కు, ఊరి చివర ఉంటుంటిమి. మా ఆయన లారీ తోలేది. ఏటూరునాగారం దిక్కు వెదురు లోడుకు పోతె నాలుగు దినాలు ఇంటికి రాకపోయేది. ఇంట్ల నేను, మా అత్తమ్మ. అంతే.

నేను వరంగల్ల పత్తి మిల్లు పనికి పోయేది. గింజ తీసే మిషిన్ల కాడ. పదేండ్లు ఆ మోతల నిలవడితే ఏమైతది... నా ఎడమ చెవి పోయింది. దవాఖానల డాక్టరు లైటేసి చూసిండు. "ఇది ఇగ పనిజెయ్యదమ్మా. కుడి చెవన్న కాపాడుకో" అన్నడు. అప్పటి సంది నన్ను పిలవాలంటే అందరు కుడి దిక్కు వచ్చి పిలిచేది. చర్చిల పాటలు పాడేటప్పుడు ముందు వరుసల నిలవడేదాన్ని. శృతి తప్పుతాన్నని నాకే అర్థమై వెనకకు జరిగిన. ఎవ్వలు జరగమనలే. కని ఎవ్వలు ఉండుమని కూడ అనలే.

గప్పుడు మా తమ్ముడు దేవదానం మస్కట్ నుంచి వచ్చిండు. వచ్చుడు వచ్చుడే నా చేతుల చిన్న డబ్బ పెట్టిండు. వాక్‌మన్. దానికి సన్నటి వైర్లు, కొసలకు రెండు నల్ల గుండీలు. నెత్తి మీద పట్టె లేదు. సీద చెవులల్ల పెట్టుకునేటియి.

"కొత్త రకం అక్కా. బాస్ మస్తుంటది" అన్నడు.

"బాస్ అంటే ఏందిర?"

"అడుగున వచ్చే సప్పుడు. డోలు సప్పుడసొంటిది. చెవుల కంటె ముందు ఛాతిల తెలుస్తది."

పెట్టుకున్న. బటను ఒత్తిండు. దుమ్... దుమ్... నా నెత్తి లోపల ఎవరో రోకలేసి దంచుతాన్నట్టు. రెండు సార్లు వెనకకు తిరిగి చూసిన, ఎవరన్న నడుచుకుంట వస్తాన్నరేమోనని. పాట ముగియనియ్యలే. తీసి వాని ముంగట పెట్టిన.

"నాకొద్దుర ఇది."

"రెండు మూడు దినాలు పట్టుక్కా. కొత్తల అందరికి గట్లనే ఉంటది. సౌండు తగ్గించి జరంత ఇను. చెవే అలవాటు చేసుకుంటది."

తెల్లారి మల్ల పెట్టిన. అవి నా చెవులకు వదులు. జారి పడతాన్నయి. మిల్లు నుంచి తెచ్చిన దూది జరంత చుట్టి, లోపలికి ఒత్తిన. గప్పుడు సప్పుడు మంచిగ కుదిరింది. ఇంటాన... ఇంటాన... కుడి చెవిది జారి ఒళ్లె పడ్డది.

ఇగ ఏమినరావొద్దు కదా. పాడేటాయన గొంతు పోయింది. పిల్లనగ్రోవి పోయింది. అన్ని పోయినయి. కని అడుగున... బాగ దూరంల... గోడ అవతల కొడుతాన్నట్టు... దుమ్... దుమ్...

ఎడమ చెవిల.

కూసున్న కాడనే ఏడ్చిన. అత్తమ్మ ఉరికొచ్చింది, ఎవరన్న పోయిన్రేమోనని.

"ఇనవడతాందత్తమ్మా. ఎడమ చెవి."

"ఏమినవడతాందె?"

"డోలు."

ముసలామె నా పక్కన కూలవడి, నా చెవి పట్టుకొని చూసింది, లోపల ఏదో కనవడతదన్నట్టు.

ఇగ ఆగలే నేను. వంట చేసుకుంట అదే, బట్టలు మడత పెట్టుకుంట అదే. మొదట అన్ని దెబ్బలు ఒక్కతీరే ఉండె. వారం పోయినంక విడివిడిగ తెల్వవట్టె. ఒకటి లావుది. ఒకటి పొట్టిది. ఒకటి సాగుకుంట పోయేది. ఎడమ చెవి ఒక్కదాంతోనే, ఏ పాటనో చెప్పేదాక వచ్చిన. మిల్లుల తలకాయ ఎత్తుకొని నడిచిన ఆ వారం.

ఇగ ఆ రాత్రి...

మూడు దినాల సంది ముసురు. కరెంటు లేదు. అత్తమ్మ పండుకున్నది. నేను మంచం మీద కుడి దిక్కు తిరిగి పండుకున్న. కుడి చెవి మెత్తల ఉన్నది. ఎడమ చెవిల గుండీ. క్యాసెట్ ఒడిసింది. టక్కుమని బటను లేసింది... చేతికి తెలిసింది. గుండీ తీసి పక్కన పెట్టిన.

దుమ్...

ఆగింది.

దుమ్... దుమ్...

డబ్బను ముట్టి చూసిన. తిరుగుతలేదు. ఎడమ చెవిల ఏలు పెట్టిన. సప్పుడు పోయింది. తీసిన... వచ్చింది. నా గుండెనేమో అనుకున్న. మణికట్టు పట్టి చూసిన. నా గుండె గుర్రం లెక్క ఉరుకుతాంది. అది మెల్లగ... చానా మెల్లగ నడుస్తాంది. లేసి కూసోని కుడి చెవితోని ఇన్న. చూరు నుంచి చుక్కలు పడే సప్పుడు. కప్పలు. అంతే. బతికున్న చెవికి ఏమినవడతలేదు. చచ్చిన చెవికే ఇనవడతాంది.

ప్రార్థన చేద్దామంటే మాటలు యాదికి వస్తలేవు.

"అత్తమ్మా... జర ఇనుర్రి. ఏమన్న సప్పుడైతాందా?"

ఆమె చెవి రిక్కించి ఇన్నది. "ఏం లేదు బిడ్డా. పండుకో."

పండుకోలే. నిలవడి మెల్లగ తిరిగిన. గోడ దిక్కు తిరిగితె తగ్గుతాంది. తలుపు దిక్కు తిరిగితె పెరుగుతాంది. కందిలి ముట్టిచ్చిన. అత్తమ్మ నా మొకం చూసింది. కట్టె పట్టుకొని నా ఎంట వచ్చింది.

వాన ఆగింది. వాడకట్టుల ఒక్క మనిషి లేడు. మోకాళ్ల దాక బురద. ఒక్కొక్క ఇల్లు దాటుతాన్న... సప్పుడు లావైతాంది. నాలుగో ఇల్లు ఈరలచ్చిమిది. మొగడు పోయినామె. మనుమరాలు సుజాతను పెట్టుకొని ఉండేది, పిల్లకు ఆరేండ్లు. కందిలి ఎత్తిన.

గోడ ఉండాల్సిన కాడ ఆకాశం కనవడ్డది.

మట్టి గోడలు నాని నాని కూలినయి. పైన కప్పు పడ్డది. ఆ ముసురుల పక్కింటోళ్లకు కూడ తెల్వలే. అత్తమ్మ కేకలు పెట్టింది. జనం లేసి ఉరికొచ్చిన్రు. పారలు తెచ్చిన్రు. అందరు తలుపు దిక్కు తవ్వవట్టిన్రు, మంచం ఎప్పుడు అక్కడనే ఉంటదని.

"అక్కడ కాదు" అన్న నేను. "ఎనక మూలకు."

"నీకెట్ల తెలుసు?"

"ఇనవడతాంది."

నన్ను చూపిచ్చి ఒకడు అన్నడు, "సువార్తక్కకు చెవే ఇనరాదు. ఆమె మాట పట్టుకొని తిరిగితే తెల్లారతది."

నేను ఆ బురద మీద బోర్ల పండుకున్న. ఎడమ చెవి మట్టికి ఆనిచ్చిన. జరంత జరిగిన. మల్ల జరిగిన. అక్కడ... నా దవడ ఎముకలు అదిరేటంత... దుమ్... దుమ్... దుమ్...

"ఇక్కడ. సమ్మన్నా, ఇక్కడ తవ్వు."

సమ్మన్న మా ఇంటెదురుగ ఉండేటాయన. ఎక్కువ మాట్లాడడు. నన్ను ఒక్కసారి చూసిండు. పార తీసుకొని నా పక్కకొచ్చి తవ్వవట్టిండు. ఆయనను చూసి ఇంకిద్దరు వచ్చిన్రు. నేను చేతులతోని మట్టి తీసిన. గోర్లు ఇరిగినయి, అప్పుడు తెల్వలే. దూలం తగిలింది. దూలం కింద సందు. సందుల చెయ్యి పెట్టిన... ఎచ్చటి కాలు తగిలింది. చిన్న కాలు.

కాలు చేతికి తగిలిన గడియల... సప్పుడు ఆగింది.

ఇద్దరు పానంతోని బయటికొచ్చిన్రు. ఈరలచ్చిమికి భుజం ఎముక ఇరిగింది. పిల్లకు గీతలు తప్ప ఏం కాలే. వాడకట్టంత ఏడుసుకుంట నవ్వుతాంది. ఇందాక నా చెవి మాట అన్న పిలగాడే గొంగడి తెచ్చి నా మీద కప్పిండు. అత్తమ్మ నిలవడి, వచ్చినోళ్లకందరికి చెప్తాంది, "నా కోడలు. ఎడమ చెవితోని ఇన్నది" అని. ఆ తెల్లారి నేను ఇంటికి నడిచొచ్చిన నడక ఉన్నది చూడున్రి... రాణులు కూడ గట్ల నడిచి ఉండరు. ఆదివారం చర్చిల ముందు వరుసల నిలవడి పాడిన. ఎవ్వలను అడగలే.

కని ఒక్కటున్నది.

ఈరలచ్చిమి దవాఖానల ఉంటే చూడవోయిన. "మంచిగ కొట్టినవ్ లచ్చిమీ. నువ్వు కొట్టకపోతే మేము దొరకవట్టకపోదుము" అన్న.

ఆమె నా దిక్కు చూసింది. "నేనేం కొట్టిన? రెండు చేతులు దూలం కింద ఉండె. పిల్ల నా కడుపుల మొకం పెట్టుకొని కదల్లే."

దేవదానాన్ని అడిగిన. "బాస్‌కు అలవాటైన చెవి కదక్కా. దూలం ఊగుతె మట్టిలకెళ్లి సప్పుడు వచ్చుంటది" అన్నడు. కావచ్చు. కని సమ్మన్న చెప్పిండు, ఆ దూలం పూడి ఉండె, నలుగురు లాగితె గాని రాలేదని. మరి ఏం ఊగింది? ఆ తర్వాత నేను ఎన్ని రాత్రులు చెవి పెట్టి ఇన్నానో. మల్ల ఎన్నడు రాలే.

పది దినాలకు సుజాత మా ఇంటికొచ్చింది. బెల్లం ముక్క ఇచ్చి, పక్కన కూసోవెట్టుకొని మెల్లగ అడిగిన.

"లోపల చీకట్ల భయం కాలేదా బిడ్డా?"

"కాలే అత్తా. నువ్వు నడిచొస్తాన్నవ్ కదా. నీ అడుగులు ఇనవడ్డయి. దుమ్ దుమ్మని. అందుకే ఏడ్వలే."

"ఎప్పటి సంది ఇనవడ్డయే?"

బెల్లం చప్పరించుకుంట చెప్పింది పిల్ల. "గోడ పడంగనే."

గోడ పడ్డప్పుడు... నేను ఇంకా మంచం మీదనే ఉన్న.