భేజ్జి సంతలో గోపురం పైలి

బస్తర్ సంస్థానంలో కొలతల ఇన్‌స్పెక్టరుగా నన్ను కోంటా తహసీలుకు వేసింది రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని రోజుల్లో, ఒక ఎండాకాలం చివర. ఆ పోస్టు మీద ఎవరికీ మోజు లేదు. కోంటా పేరెత్తితే జగదల్‌పూర్ కచేరీలో గుమాస్తాలకు ఉన్నట్టుండి జ్వరాలు వచ్చేవి. నాకు తెలుగు, హిందీ వచ్చు. అక్కడి దోర్ల గిరిజనుల భాష దోర్లీ కూడా నన్ను తిడితే అర్థమయ్యేంత వచ్చు. ఆ మూడో అర్హత చూసే నన్ను పంపారని నా అనుమానం.

నా పని చెప్పుకోవడానికి తేలిక. సంస్థానం ఇచ్చిన ఇత్తడి పైలి ఒకటి, ముద్ర కొట్టే ఉక్కు అచ్చు, ఒక సుత్తి, వీటిని మోసే చప్రాసీ ఒకడు. పైలి అంటే గింజలూ ఉప్పూ కొలిచే గుండ్రటి పాత్ర. ఆ అడవి సంతల్లో తక్కెడలు అరుదు, బేరమంతా పైలి మీదే నడిచేది. వ్యాపారి పైలిలో మా ఇత్తడి పైలితో నీళ్లు పోసి చూడాలి. అంచుకు సరిగ్గా వస్తే ముద్ర, రాకపోతే జప్తు. తప్పు పెద్దదైతే తహసీల్దారుకు రిపోర్టు రాస్తాను, జుర్మానా వేయడమో పర్మిట్ రద్దు చేయడమో ఆయన ఇష్టం.

పర్మిట్ మాట ఎందుకంటే, యుద్ధం మూలాన ఉప్పు కూడా పర్మిట్ మీదే అమ్మాలి. మా తహసీలులోని భేజ్జి చుట్టుపక్కల ఆ పర్మిట్ ఉన్నది ఒక్క సావుకారు వెంకటరత్నానికే. గోదావరి వైపు నుంచి బండ్ల మీద ఉప్పు తెప్పించేవాడు. వానలు పడి వాగులు నిండాయంటే బండి కదలదు. అందుకని ముసురు పట్టకముందే ఇంటింటివాళ్లూ వానాకాలమంతటికీ సరిపడా ఉప్పు ఆనపకాయ బుర్రల్లో నింపి పెట్టుకోవాలి. లేకపోతే ముసురు వదిలేదాకా చప్పిడి జావే గతి.

నేను బయల్దేరేటప్పుడు తహసీల్దారు సాహెబు హిందీలో ఒకే మాట చెప్పారు. కొలత సరిచెయ్యి, దుకాణం మాత్రం బంద్ కాకూడదు. ఆయన రాయ్‌పూర్ వైపు మనిషి, మాట పొదుపు. చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టుందని ఆ రోజు సణుక్కున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పింది నిజమే. సావుకారు పర్మిట్ పోతే సావుకారు వెళ్లి ఇంకో వ్యాపారం చూసుకుంటాడు. ఉప్పు లేకుండా పోయేది ఊళ్లకు.

భేజ్జిలో సావుకారు నన్ను మజ్జిగతో ఆహ్వానించాడు. పైలి తానే తెచ్చి ముందు పెట్టాడు. నీళ్లు పోశాం. చుక్క తక్కువ లేదు, చుక్క ఎక్కువ లేదు. నా నౌకరీలో అంత నిక్కమైన పైలిని నేను చూడలేదు, అందుకే నాకు అనుమానం వచ్చింది. అయినా నిబంధన నిబంధనే. ముద్ర కొట్టి, ఎదురుగా నీడలో కూర్చుని బేరాలు చూడసాగాను.

ఆ రోజుల్లో బేరం డబ్బుతో కాదు. ఆడవాళ్లు అడవిలో ఏరిన సార గింజలు తెచ్చేవారు. వాటిని పగలగొడితే మిఠాయిల్లో వేసే సారపప్పు వస్తుంది. గింజలు ఒక పైలి పోస్తే ఉప్పు ఒక పైలి. వినడానికి ఎంతో ధర్మంగా ఉంటుంది. ఇక సావుకారు చేతివాటం చూడండి. గింజలు కొలిచేటప్పుడు ఎడమ చెయ్యి పైలి అంచు చుట్టూ గోడలా పెట్టి, పాత్రను రెండుసార్లు కుదిపి, పైన గోపురం లేచేదాకా పోయించుకునేవాడు. ఉప్పు కొలిచేటప్పుడు మెల్లగా, కుదపకుండా పోసి, అంచు మీద ఒక కర్ర లాగేవాడు. ఆ కర్ర కాస్త వంపు తిరిగి ఉండేది. అది లాగాక ఉప్పు అంచుకు సమంగా కూడా ఉండదు, మధ్యలో పల్లమే.

సోడి ముత్తమ్మ అనే దోర్ల ఆవిడ నేరుగా నా దగ్గరకు వచ్చి నిలబడింది. ఇంట్లో ఎనిమిది నోళ్లని, పోయిన వానాకాలం సగంలోనే ఉప్పు అయిపోయిందని, పిల్లలు జావ ముట్టలేదని చెప్పింది. తెచ్చిన గింజలన్నీ పోసినా ఈసారీ బుర్ర నిండేట్టు లేదట.

"ఏంది దొరా! ముద్ర నువ్వే కొట్టినవ్ గదా. నా గింజకేమో గుట్ట, ఆయన ఉప్పుకేమో గుంట. ఇదేం కొలత?" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. పైలి సరైనదే, ముద్ర నాదే, మోసం మాత్రం నా ముద్ర కిందే జరుగుతోంది. సావుకారును పిలిచి అడిగాను. అతను చేతులు జోడించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. సారాంశం ఏమిటంటే, బేరం ఇద్దరి ఇష్టం మీద జరుగుతోంది, బలవంతం లేదు. ఇద్దరూ మాట్లాడుకోని విషయంలో బజారు రివాజే చెల్లుతుంది. పైలి గోపురంగా కొలవడం ఈ సంత రివాజు. వ్యాపార చట్టంలో నాకు నేర్పిన మూల సూత్రాలు కూడా అవే. నా పాఠం నాకే అప్పజెప్పాడు.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఒక తుంటరి ఆలోచన కూడా తట్టింది. కోపం మింగి, సంస్థానానికి రివాజంటే ఎంత గౌరవమో వర్ణించాను. అలాంటి రివాజును పదిమందిలో ఖాయం చేయకపోవడం మా శాఖ లోపమని నొచ్చుకున్నాను. సావుకారు ముఖం వెలిగిపోయింది. ఊరి పటేల్‌నీ, దండోరా వేసే కోట్వార్‌నీ పిలిపించాను.

"ఈ సంతలో పైలి అంటే గోపురమేనా?" అని అందరి ముందూ అడిగాను.

"తాతల నాటి నుంచీ గోపురమేనండి. ఎవర్నైనా అడగండి," అన్నాడు సావుకారు.

అడిగాను. పటేల్ అవునన్నాడు. జనం అవునన్నారు. కోట్వార్ డప్పు కొట్టి ముందు హిందీలో, తర్వాత దోర్లీలో, ఆ తర్వాత "ఈ సంతల పైలంటే గోపురమే!" అని తెలుగులో చాటాడు. దోర్లీలో చాటగానే ఆడవాళ్లు పకపక నవ్వడం మొదలుపెట్టారు. వాళ్లు డప్పుకు నవ్వుతున్నారనుకుని సావుకారు కూడా నవ్వాడు.

అప్పుడు ముత్తమ్మ తన గింజలు గోపురంగా పోసింది. సావుకారు ఉప్పు పోసి కర్ర అందుకోబోయాడు. కర్ర పక్కన పెట్టమన్నాను.

"ఉప్పుకు మట్టమేనండీ!" అన్నాడు.

అది వేరే రివాజా అని అడిగాను. అలా అయితే దాన్ని కూడా జనాన్ని అడిగి, వాళ్లు ఒప్పుకుంటే చాటిద్దామన్నాను. సావుకారు జనం వైపు చూశాడు. జనం సావుకారు వైపు చూశారు. అతను తెలివైనవాడు, పప్పులో కాలేశానని ఆ క్షణంలోనే గ్రహించాడు. గింజలకు మట్టం ఒప్పుకోవడమా, ఉప్పుకు గోపురం ఒప్పుకోవడమా అని వేళ్ల మీద ఏదో లెక్క వేసుకుని, చివరికి ఉప్పు మీద ఇంకో దోసెడు పోశాడు.

"చెయ్యి పెట్టు," అంది ముత్తమ్మ.

అతను వినిపించుకోలేదు. ఆవిడ తన రెండు చేతులూ పైలి చుట్టూ కోటగోడలా పెట్టి, "ఇగ పొయ్యి," అంది. ఒక్క చెయ్యే రివాజని సావుకారు వాదించాడు. ఆ పాయింటు మీద నేను సావుకారు పక్షాన తీర్పు ఇచ్చాను. చట్టం అందరిదీ కదా! ముత్తమ్మ ఒక చెయ్యి తీసేసి, నా వైపు చూసి మూతి తిప్పింది. ఒక్క చేతి గోడతోనే ఆ రోజు ఆవిడ బుర్ర మూతిదాకా నిండింది.

వ్యాపారి అక్కడితో ఊరుకుంటే వ్యాపారి ఎందుకవుతాడు? మరుసటి సంతకు సావుకారు కొత్త పైలి తెచ్చి ముద్ర కొట్టమన్నాడు. పొడుగ్గా, మూతి ఇరుకుగా ఉంది. నీళ్లు పోస్తే లెక్క సరిపోయింది. మూతి ఇరుకైతే దాని మీద గోపురం చిన్నదే నిలుస్తుంది. ఉప్పుకు ఇది, గింజలకు పాతది అని అతని ఎత్తు. పైలి ఏ ఆకారంలో ఉండాలో మా నిబంధనల్లో ఎక్కడా లేదు. మనసులో అతనికి దండం పెట్టాను.

కానీ ముద్ర నా చేతిలో ఉంది. ఒక దుకాణానికి ఒకటే పైలి, ఏది కావాలో మీరే ఎంచుకోండి అన్నాను. అలాంటి నిబంధన ఉందా అని అతను అడగలేదు, అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్నో నాకు ఇప్పటికీ తెలియదు. చాలాసేపు రెండు పాత్రలనూ అటూ ఇటూ తిప్పి చూసుకుని ఇరుకుదాన్నే ముందుకు తోశాడు. పాతదాని మీద ముద్ర చెరిపేశాను. అప్పటి నుంచి గింజలకూ చిన్న గోపురమే, ఉప్పుకూ చిన్న గోపురమే. దుకాణం ఒక్క పూట కూడా మూతపడలేదు. తహసీల్దారు నా రిపోర్టు చదివి, ఆకారం గురించి రాసిన వాక్యం కింద గీత గీసి దస్కత్ పెట్టారు.

వానలకు ముందు చివరి సంతనాడు ముత్తమ్మ మళ్లీ కనిపించింది. మెచ్చుకుంటుందని కొంచెం నిక్కుగానే నిలబడ్డాను. ఆవిడ సావుకారు బండి మీద కట్టిన సార గింజల బస్తాలు చూస్తోంది.

"కొలత మంచిగైంది దొరా," అంది. "మరి పైలికి పైలే అని ఎవలు పెట్టిండ్రు? ఆ బస్తాలు పట్నంల ఉప్పుకే ఇస్తడా?"

ఇవ్వడు. పట్నంలో పైలెడు సారపప్పుకు ఎన్ని రెట్లు ఉప్పు వస్తుందో నాకు తెలుసు, సావుకారుకూ తెలుసు. ధర ఇద్దరి ఇష్టం, అది నా శాఖ కాదని చెప్పాను. నిజంగానే కాదు. ఆవిడ బుర్ర నెత్తిన పెట్టుకుని, "అయితే ఆ శాఖ ఎవలిదో కనుక్కొని పంపు," అని వెళ్లిపోయింది.

ఆ సంతలో నాకు బోధపడింది ఇంతే. దుకాణం మూయిస్తే శిక్ష కొనేవాళ్లకే పడుతుంది. ఇచ్చేటప్పుడూ పుచ్చుకునేటప్పుడూ వ్యాపారి చేతిలో ఒకే పాత్ర ఉండేట్టు చూస్తే కొలతలో మోసం చాలావరకు ఆగుతుంది. బేరంలో మోసానికి మాత్రం ముద్ర పనికిరాదు. ముత్తమ్మ అడిగిన శాఖ ఎవరిదో నేను రిటైరయ్యేదాకా కనుక్కోలేకపోయాను.