సంతకాలు పూర్తయ్యేలోపు

గోతు రాజుల రాజధాని తొలేదోలో బిషప్పుల మహాసభ జరిగిన ఆ నవంబరులో నేను చర్చికి ద్వారపాలకుణ్ణి. సభ సాగినన్నాళ్లూ అన్ని తలుపులూ మూసి ఒక్కటే తెరిచి ఉంచుతారు. ఆ తలుపు దగ్గర నేనుండేవాణ్ణి. లోపల చెవినబడ్డ మాట బయట పెట్టనని సువార్త మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాను.

వితాలియా మొదటిరోజే వచ్చింది. ముప్ఫై ఏళ్ల మనిషి, తేనెటీగలు పెంచి మైనం తీస్తుంది. రెండు రోజుల దూరం నడిచి వచ్చి కూడా కాసేపు కూర్చోదు. మెట్ల నుంచి బావి దాకా, బావి నుంచి మెట్ల దాకా తిరుగుతూనే ఉంటుంది.

"అన్నా, ఇవాళైనా పిలుస్తారా?"

"ముందు దేవుడి సంగతులు, తర్వాత రాజుగారివి. మన గోడు ఆఖర్నమ్మా."

ఆమె తండ్రి చర్చి బానిస. పాత బిషప్పు అతనికి స్వేచ్ఛ ఇచ్చి తోలు మీద రాసిచ్చాడు. కొత్త బిషప్పు వస్తే అలాంటి కుటుంబాలు ఏడాదిలోగా ఆ పత్రం చూపించి ఆయన గుర్తు వేయించుకోవాలి, లేదంటే మళ్లీ బానిసలే. ఈమె పత్రాన్ని బిషప్పు పెత్తనదారు చేతికిచ్చింది. వారం తర్వాత అడిగితే "ఏ పత్రం?" అన్నాడు. ఈమె బానిస అయితే ఈమె తేనెపట్లన్నీ చర్చివే అవుతాయి. కొత్త బిషప్పు వచ్చింది నిరుడు క్రిస్మస్‌కు, గడువు ఈ క్రిస్మస్‌తో ముగుస్తుంది.

ఆమె వెంట గుదిలా అనే కుమ్మరి వచ్చాడు. గోతు జాతివాడు, పుట్టుకతోనే స్వతంత్రుడు. పత్రం చేతికి రాగానే ఇద్దరూ పెళ్లి చేసుకోవాలనుకున్నారు. "నాలుగు కుండలు అమ్మాను, అయిదు కుండల తిండి తిన్నాను. ఇంకో వారం సాగితే గాడిదను కూడా అమ్ముకోవాలి," అనేవాడు.

నాలుగోరోజు తలుపు సందులోంచి ఒక కొత్త నియమం వినబడింది. చర్చి విడుదల చేసినవాళ్లూ, వాళ్ల సంతానమూ పుట్టుకతో స్వతంత్రులైనవాళ్లను పెళ్లాడకూడదు. మర్నాడే సంతకాలు, అవన్నీ పడగానే నియమం అమల్లోకి వస్తుంది.

చర్చి చుట్టూ మూడుసార్లు తిరిగాను. వితాలియా ఎదురుపడి "ఏంటన్నా, నాలాగే తిరుగుతున్నావు?" అంది. ఇక ఆగలేక చెప్పేశాను.

గుదిలా గాడిద తాడు వదిలేశాడు. "అయితే ఇప్పుడే చేసేసుకుందాం."

"పత్రం లేకుండానా? వాళ్ల దృష్టిలో నేనింకా బానిసనే. నాతో పాటు నిన్నూ ఈడ్చుకుపోతారు," అంది వితాలియా.

మర్నాడు పొద్దున్నే ఆమె ఫిర్యాదును అన్నిటికంటే ముందు, ఫిర్యాదులు తీసుకునే పెద్ద డీకనుకు అందించాను.

"ఈవిడ నీకేమవుతుంది, సింతీషియో?"

"ఏమీ కాదండీ. నాలుగు రోజులుగా నా మెట్లు అరగదీస్తోంది."

ఆయన నవ్వి లోపలికి పిలిపించాడు. తోటి బిషప్పులందరి ఎదుటా పెత్తనదారు పేరెత్తేసరికి ఆమె ఊరి బిషప్పు ముఖం కందగడ్డైంది. పెత్తనదారును బసకు పరిగెత్తించాడు. పత్రం వాడి పెట్టెలోనే ఉంది. వాడు తిరిగొచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది, సంతకాల కోసం తీర్మానాల తోలుచుట్ట కూడా లోపలికి వచ్చేసింది. వితాలియా బయటికి వచ్చినప్పుడు పత్రం మీద కొత్త బిషప్పు గుర్తు ఇంకా తడిగానే ఉంది. లోపల అందరికంటే పెద్దాయన కలం అందుకుంటున్నాడు.

"పదండి, ఆలస్యం చెయ్యకండి," అన్నాను.

తోళ్లవాళ్ల వీధిలో చిన్న గుడి, గుదిలాకు తెలిసిన పాదిరి. నీళ్లు మోసే ఆవిడా, ఒక తోళ్ల పనివాడూ పెళ్లికి సాక్షులు. ఇక్కడ పెద్ద చర్చిలో బిషప్పులు వయసు వరసన సంతకాలు పెడుతున్నారు. ఒకాయన చెయ్యి వణికి సిరా ఒలికింది, తుడవడానికే చాలాసేపు పట్టింది. ఇంకా కొందరు వరసలో ఉండగానే వితాలియా రొప్పుకుంటూ వచ్చి వేలికున్న ఉంగరం చూపించింది.

వసంతంలో పెత్తనదారు ఆ పెళ్లి చెల్లదన్నాడు. విచారణకు కూర్చున్న న్యాయాధికారి సాక్ష్యానికి నన్నూ పిలిపించాడు.

"ముందు ఉంగరమా, సంతకాలా?"

"సంతకాలు పూర్తి కాకముందే ఉంగరం తొడిగారు."

"అంత తొందర వాళ్లకెందుకొచ్చింది?"

వితాలియా నా వైపు చూడలేదు, నేల చూపులు చూసింది. నోరు మెదపకుండా ఉండొచ్చు. ఉంటే లోపలి మాట దొంగిలించినవాళ్లలా వాళ్లు నిలబడాలి.

"నేనే చెప్పాను," అన్నాను.

పెళ్లి నిలిచింది. నా ఉద్యోగం పోయింది, ఏడాదిపాటు ప్రాయశ్చిత్తం పడింది. ఇప్పుడు గుదిలా కుండలు కాల్చే ఆవానికి కట్టెలు కొడుతూ వాళ్ల ఊళ్లోనే ఉంటున్నాను. ఒకరోజు వితాలియా అడిగింది: "మా వల్ల పాడైపోయావు కదా అన్నా?"

"తలుపు దగ్గర నిలబడే పని తప్పాక మోకాళ్ల నొప్పి తగ్గిందమ్మా," అన్నాను. అది అబద్ధం కాదు. కాని నేను తప్పింది సువార్త మీద చెయ్యి వేసి పెట్టిన ఒట్టు. మళ్లీ అదే సమయం వస్తే మళ్లీ చెబుతానని తెలుసు. ఆ తెలివిడితో ఏ పూటా ప్రార్థనలో మనసు కుదురుగా నిలవదు.