రాగి పుటల తోటలో గంగరాజు గొంతు

గంగరాజుకు మెల్లగా మాట్లాడటం రాదు. రామచంద్రపురంలో ఆయన తన ఇంట్లో మంచినీళ్లడిగితే పక్క వీధివాళ్లు చెంబులు ముంచేవారు. ఎవరి చెవిలోనైనా రహస్యం చెబితే బస్టాండులోంచి సలహాలొచ్చేవి.

అలాంటి మనిషికి లైబ్రేరియన్ మేష్టారి స్మృతివనంలో తోటమాలి ఉద్యోగం దొరికింది. ముప్పై ఏళ్లపాటు "ష్" తప్ప మరో మాట అనని మేష్టారి జ్ఞాపకార్థం మూడేళ్ల క్రితం వేసిన తోట అది. నడుమ పచ్చికలో వెదురు గెడలకు రాగి రేకులు తెరిచిన పుస్తకాల్లా వేలాడుతుంటాయి. గాలి వీస్తే పుటలు తిప్పిన చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినడమే ఇక్కడి కళ అని కమిటీ సెక్రటరీ రమేష్ బాబు వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. జనం కళ్లు మూసుకుని చెవులు రిక్కిస్తారు. సరిగ్గా అప్పుడే, నీళ్ల గొట్టం ఎవరు తొక్కారని గంగరాజు అడుగుతాడు. ఒకసారి పిఠాపురం నుంచి వచ్చిన పెద్దాయన ధ్యానంలోంచి నేరుగా బెంచీ కిందికి జారిపోయాడు.

రమేష్ బాబు బతిమాలాడు, కసిరాడు, చివరికి "నిశ్శబ్దం పాటించండి" అని బోర్డు పెట్టించాడు. గంగరాజు దాన్ని అందరికీ పైకి చదివి వినిపించాడు.

గంగరాజు భార్య చిన్నమ్మాయి అదే తోటలో ఊడుస్తుంది. ఆవిడంటే మాత్రం సెక్రటరీకి ఎంతో గురి. ఏం చెప్పినా నవ్వి "అలాగేనండి" అంటుంది. చెప్పిన పని సగంసార్లు జరగదు గానీ ఆ వినయం చూసి ఆయన సర్దుకుపోయేవాడు.

కిందటి నెల కమిటీ గంగరాజును మాన్పించాలని తీర్మానించింది. ఆ మాట ఆయనకే చెప్పే ధైర్యం లేక రమేష్ బాబు చిన్నమ్మాయిని పిలిచి, నొచ్చుకుంటూ, గొంతు బాగా తగ్గించి, రేపట్నుంచి మీ ఆయన రానక్కర్లేదని చెప్పాడు.

"అలాగేనండి" అని నవ్వి, ఆవిడ వెళ్లి టీ తెచ్చింది.

సెక్రటరీ గ్లాసు పట్టుకుని నోరు తెరిచాడు. అంతా చూసిన గంగరాజు ఆయన్ని వెదురు గెడల వెనక్కి తీసుకెళ్లి, గుసగుసగా మాట్లాడాడు.

"దానికి మామూలుగా మాట్లాడితే వినపడక నాలుగేళ్లయిందండి. దాంతో ఒక్కదాంతోనే అరిస్తే చెవుడని ఊరంతా తెలిసిపోద్ది. సిగ్గుపడి ఇల్లు కదల్దండి. అందరితోనూ అరిస్తే నాకు నోరెక్కువంటారు, అంతేగా."

రమేష్ బాబుకు తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది. వినడమే కళ అని మూడేళ్లుగా ఊదరగొట్టినవాడు ఇంత చిన్న సంగతి వినిపించుకోలేకపోయాడు. తీర్మానం కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, పచ్చిక అవతల ఊడుస్తున్న చిన్నమ్మాయి వైపు తిరిగి గొంతు చించుకున్నాడు.

"టీ బావుందండీ చిన్నమ్మాయిగారూ. రేపు ఇద్దరూ పెందలాడే వచ్చేయండి."

కళ్లు మూసుకుని కూర్చున్న జనం ఉలిక్కిపడి లేచారు. చిన్నమ్మాయి చీపురు ఆపి సెక్రటరీ వైపు జాలిగా చూసింది.

"ఈయనతో తిరిగి మీకూ నోరు పెరిగిపోయిందేంటండీ."