మా దొడ్డి దర్వాజల మీద ఎర్ర గీత

పోయిన వారం పుట్టింటి నుంచి కరీంనగర్ తిరిగిపోయే బస్సు కోసం ఆదిలాబాద్ బస్టాండు బయట నిలబడి ఉంటే, ఎదురుగా ప్రహరీ గోడ మీద నేను పుట్టి పెరిగిన గల్లీ కనబడింది. నిజం గల్లీ కాదు, రంగులతో వేసిన పటం. ఇళ్ళు, చేదబావి, జిన్నింగు మిల్లు పొగగొట్టం, ఇళ్ళన్నిటి మధ్యలోంచి మెలికలు తిరుగుతూ పోయే ఒక లావుపాటి ఎర్ర గీత. సరిగ్గా మా ఇల్లున్న చోట ఎవడో గుట్కా నమిలి ఉమ్మేశాడు, ఆ మరక ఎండి అట్టకట్టింది. చూసి ముఖం తిప్పుకున్నాను. ఉమ్మినవాడి మీద అసహ్యంతో కాదండీ, వాడి పుణ్యమా అని ఆ గీత జానెడైనా మరుగున పడిందని సంతోషమే వేసింది. నాకు రోత పుట్టింది ఆ గీతను చూసే.

నా ఈడువాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు గాని, ఈ కాలం పిల్లల కోసం చెప్పాలి. మా గల్లీ మిల్లు వెనక ఉంది, బాపు, అంటే మా నాన్న, ఆ మిల్లులోనే పత్తి తూకం దగ్గర పనిచేసేవాడు. ఇళ్ళు వీపూ వీపూ ఆనించుకుని ఉండేవి, వాటి దొడ్డి గోడల్లో ఇంటికీ ఇంటికీ నడుమ ఒక పొట్టి దర్వాజ ఉండేది, తల వంచితే తప్ప దూరలేనంత. రాత్రిపూట గొళ్ళెం పెట్టడం, తెల్లవారితే తీసేయడం తప్ప దానికి తాళమనేది ఎవరూ ఎరగరు. ఆ దర్వాజల్లోంచే ఆడవాళ్ళు గల్లీ ఈ కొస నుంచి ఆ కొసకు బయటి సడక్ ముఖం చూడకుండా తిరిగి వచ్చేవాళ్ళు. మగవాళ్ళకు ఆ దారి లేదు. మగపిల్లలకైనా మూతి మీద నూగు కనబడే దాకానే, ఆ తర్వాత ఏ ఇంటి పెద్దమ్మో నవ్వుతూ ఇగ నువ్వు సడక్ మీదికెళ్ళి పో కొడుకా అనేది, వాడు సిగ్గుపడిపోయి మళ్ళీ అటు తొంగిచూసేవాడు కాదు. మా అన్నకూ అలాగే చెప్పారు, ఆ రోజంతా వాడు అన్నం తినలేదు.

నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో చేరిన కొత్తలో మిల్లు మలుపు దగ్గర ఒక పాన్ డబ్బా ఉండేది, అక్కడ నిలబడే పనీపాటా లేని మనుషుల ఈలలు, కూతలు ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది. అందుకని డ్యూటీ దిగగానే గల్లీ మొదట్లో మేం కాకూ అని పిలిచే మరాఠీ పిన్నమ్మ ఇంట్లోకి దూరేదాన్ని, ఆవిడ గిన్నెడు అటుకుల పోహాలు పెట్టకుండా కదలనిచ్చేది కాదు. పక్కింట్లో వేయించిన పల్లీలు కొంగులో పోసేవాళ్ళు, ఆ తర్వాతి ఇంట్లో ఏ బాలింతనో చూసి రెండు మాటలు చెప్పాల్సి వచ్చేది, ఇలా ఇల్లు చేరేసరికి కడుపు నిండి అవ్వతో, అదే మా అమ్మతో, చీవాట్లు తినేదాన్ని. అయినా సరే, ఉద్యోగం చేసిన ఆడపిల్లగా నేను తల ఎత్తుకుని నడిచింది ఆ తల వంచి దూరే దర్వాజల్లోంచే.

ఆ దారిలోనే మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది ఖాలా. ముస్లింల ఇంటి పెద్దావిడ, వాళ్ళ భాషలో పిన్ని అన్నట్టు గల్లీ అంతా అలాగే పిలిచేవాళ్ళం, అవ్వ తోటిదే, ఇద్దరూ ఆ గల్లీకి కొత్త కోడళ్ళుగా వచ్చిన నాటి స్నేహం. ఖాలా పరదా మనిషి, ఏ పెళ్ళికో దవాఖానకో తప్ప సడక్ ఎక్కేది కాదు. ఆవిడ ఇంటి ముందు దర్వాజ అవతలి సడక్ మీదికి ఉంది, అటు నుంచి మా ఇంటికి రావాలంటే మిల్లంతా చుట్టి పత్తి లారీల నడుమ నుంచి రావాలి. దొడ్డి దారినైతే గోడ పట్టుకుని నాలుగడుగులే. ఆమె మోకాళ్ళు అరిగిపోయాక కూడా, అవ్వకు చూపు దాదాపు పోయాక కూడా, మధ్యాహ్నం ఖాలా రావడం, ఇద్దరూ మంచం మీద కూర్చుని ఎప్పుడో పోయినవాళ్ళ మీద చాడీలు చెప్పుకోవడం మానలేదు. అవ్వకు పొద్దు గడిచేదే దానితో.

పోయినేడు చలికాలంలో వచ్చారు ఆ చిత్రకారులు. ఏదో దేశం వాళ్ళు, ఒకామె, ఒకాయన, మాటలు మార్చి చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఒక పిల్ల. ఎవరికీ తెలియని బస్తీల్లో తిరిగి పటాలు గీయడమే వాళ్ళ కళ అట. ఎవరికీ తెలియదట! మరి అక్కడ పుట్టి, పెరిగి, ముసలివాళ్ళమైన మేమంతా ఎవరమో. మురికి మోరీ దగ్గర వంగి వాసన చూసి ఏదో రాసుకున్నారు, గోడల సున్నం గీకి చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో వేసుకున్నారు, దండెం మీది లంగాలకు ఫోటోలు తీశారు. అప్పుడు నేను అవ్వ దగ్గరే ఉన్నాను, చూస్తుంటే ఒళ్ళంతా చీదర పుట్టేది. మా వదినకు మాత్రం పండుగే. ఇంటికి వచ్చిన మనిషికి కాదని చెప్పడం మా గల్లీకి రాదు, దారి అడిగితే వేలు చూపించం, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి దింపి వస్తాం. మీరు ఎటు నుంచి తిరుగుతారని వాళ్ళు అడగడమే ఆలస్యం, వదిన దొడ్డి దర్వాజ తీసి వాళ్ళను ఇల్లిల్లూ తిప్పింది. కట్టుకున్న మొగుళ్ళు కూడా ఎన్నడూ తొక్కని దారిలో, వంటిళ్ళ పక్కనుంచి, స్నానాల తడికల పక్కనుంచి ఆ పొడుగాటాయన నడుం వంచుకుని పోతుంటే ఒక్కరి నోటా వద్దనే మాట రాలేదు. ఖాలా ఒక్కతే కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. ఆయన దాన్నీ గీసుకున్నాడు.

గోడ మీద పటం పూర్తయ్యాక పెద్ద తతంగం చేశారు. శాలువాలు, సమోసాలు, మైకు, నాయకులు. మా అన్న కూడా ఒక శాలువా కప్పించుకుని పెళ్ళికొడుకు నవ్వు నవ్వాడు. మన ఇంటి చెంబును బయటివాళ్ళు ఎత్తి చూసి ఆహా అంటే గాని మనకు దాని విలువ కనబడదు, ఛీ, ఏం బతుకులో! పటంలో మా ఆడవాళ్ళ దారి ఎర్ర గీతై ఉంది, దాని మీద ప్రతి దర్వాజా ఉంది, స్నానాలు చేసే చోటల్లా ఒక నీలం చుక్క ఉంది, గోడవైపు తిరిగిన ఖాలా ఉంది. నేను తట్టుకోలేక ఆ హైదరాబాద్ పిల్లను పక్కకు పిలిచాను.

“గా ఎర్ర గీత తుడ్వమని చెప్పు బిడ్డా” అన్నాను.

వాళ్ళు ముగ్గురూ కాసేపు గుసగుసలాడుకున్నారు. “అది తీసేస్తే ఇంక ఏమీ మిగలదంటున్నారు ఆంటీ” అంది ఆ పిల్ల.

“గది గట్ల గోడ మీదుంటే మాకు గూడ ఏం మిగలదని చెప్పు.”

ఆ పిల్ల చెప్పింది. ఆ దొరసాని గుండె మీద చెయ్యి వేసుకుంది, కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది, నా మాటను భద్రంగా తన పుస్తకంలో రాసుకుంది. గీతను మాత్రం ముట్టుకోలేదు. ఆ కన్నీళ్ళను చూసినప్పుడు కలిగిన వెగటు గుట్కా మరకను చూసినా నాకు కలగలేదు.

తర్వాత ఆ పటం చూసి ఫోన్లు పట్టుకున్న పోరగాళ్ళు రావడం మొదలుపెట్టారు. మొదట్లో గడప దగ్గర పిలిచి వచ్చేవాళ్ళు, పోనుపోను పిలవడం కూడా మానేసి, తామే గొళ్ళెం తీసి వీడియోలు పడుతూ లోపలికి వచ్చేవాళ్ళు. ఒక మధ్యాహ్నం ఖాలా కోడలు దొడ్లో తలస్నానం చేస్తుంటే ఒకడు ఎదురుగా నిలబడ్డాడు. పట్టుకుని నిలదీస్తే దొంగను కానన్నాడు, గోడ మీద దారి ఉంది కదా అని ఫోన్లో పటం చూపించాడు. దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు ఖాలా కొడుకు. మర్నాడు ఇటుకలు దింపించి ఆ దర్వాజ కట్టించేశాడు. ఆ సిమెంటు ఆరకముందే పక్కింటివాళ్ళూ కట్టించారు, కాకూ మనుమడు కట్టించాడు, ఆఖరికి మా అన్న తాళం తెచ్చాడు. ఎవరిని తప్పు పట్టను? ఆడపిల్లలున్న ఇళ్ళు.

అవ్వకు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. మధ్యాహ్నం కాగానే దొడ్డివైపు ముఖం పెట్టి, ఇయ్యాల గూడ రాలే అని గొణిగేది.

పోయిన వారం నేను అక్కడ ఉండగానే ఖాలా వచ్చింది. మనుమడు ఆటోలో ఎక్కించుకుని మిల్లు చుట్టూ తిప్పి తెచ్చాడు. బురఖాలో చెమటలు కక్కుతూ వీధి దర్వాజ కొడితే వదిన లోపలి నుంచి ఎవరూ అని అడిగింది. ముందు గదిలో కుర్చీ వేశాం, పళ్ళెంలో పెట్టి మంచినీళ్ళు ఇచ్చాం. అవ్వను నడిపించుకుని వచ్చి ఎదురుగా కూర్చోబెడితే ఎవరు వచ్చారో ఆమె పోల్చుకోలేకపోయింది. ఖాలా లేచి ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అవ్వ ఆ వేళ్ళను కాసేపు తడిమింది.

“సుట్టం లెక్క సడక్‌కెళ్ళి వచ్చినవేందే?” అంది.

బయట ఆటో అతను హారన్ కొడుతున్నాడు. ఖాలా ముసుగు సర్దుకుని అవ్వకు చెప్పింది, మా వదినకు చెప్పింది, నాకూ చెప్పి మెట్లు దిగింది. అన్నేళ్ళ రాకపోకల్లో ఖాలా మా ఇంట్లో పోయొస్తానని చెప్పి వెళ్ళడం నేను చూసింది అదే మొదటిసారి.