వేణువును ఈల అనుకున్న మిషన్

ఉద్యోగ విరమణకు మూడేళ్ళ ముందు, వానలు మొదలయ్యే రోజుల్లో నన్ను మార్కాపురం ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. నా ఉద్యోగం ఆడియాలజిస్టు. ఊళ్ళో అందరూ చెవి డాక్టరమ్మ అనేవారు కానీ నేను డాక్టరును కాను. మందులతో గానీ ఆపరేషనుతో గానీ బాగుపడదని డాక్టరుగారు తేల్చినవారిని నా గదికి పంపేవారు. వాళ్ళ చెవికి ఏ ధ్వని ఎంతవరకు అందుతోందో కొలవడం, తగిన వినికిడి మిషన్ అమర్చడం నా పని.

పలకల ఊరు కాబట్టి, రాయి కోసే యంత్రాల మధ్య ఏళ్ళ తరబడి గడిపినవారు ఎక్కువగా వచ్చేవారు. ఆ రొద చెవిని ఒక్కసారిగా చెడగొట్టదు. ముందు హెచ్చు స్థాయి ధ్వనులను, అంటే స, ష లాంటి సన్నని ధ్వనులను తినేస్తుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. అందరూ నోట్లో నోట్లో గొణుగుతున్నారని ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటారు.

సుబ్బరత్నం శెట్టిగారు అలాగే వచ్చారు. పలకల ఫ్యాక్టరీ చాలాకాలం నడిపి కొడుకులకు అప్పగించిన మనిషి, డెబ్బై దాటాయి. రెండు చెవులకూ మిషన్లు అమర్చి, మాటల పరీక్ష చేశాను. అంటే, మేము మామూలు గొంతుతో మాటలు పలుకుతాం, పేషెంటు తిరిగి చెప్పాలి. ఆయన తడబడకుండా చెప్పారు. "ఇప్పుడు మా ఇంట్లో ఎవరేమనుకుంటా ఉండారో అంతా తెలుస్తుంది తల్లీ" అని నవ్వుతూ వెళ్ళారు. మా పద్ధతి ప్రకారం ఆ కేసు ముగిసినట్టే.

దసరా ముందు ఖాదర్ బాషా అనే ఆయన నా గదికి వచ్చారు. చేతిలో చీటీ లేదు, ముఖంలో కోపం ఉంది.

"మేడం, మీరు మిషన్ పెట్టినాక మా శెట్టన్న పాట వినేది మానేసినాడు. నిన్న క్యాసెట్లన్నీ అట్టపెట్టెలో పెట్టి నా దుకాణానికి పంపినాడు. ఏంది ఇది?"

కూర్చోబెట్టి అడిగితే సంగతి తెలిసింది. బాషాగారు వయసులో ఉండగా మస్కట్‌లో ఒక హోటల్లో పనిచేశారు. అక్కడ సాయంత్రం పూట జాజ్ సంగీతం వాయించేవారట. బల్లలు తుడుస్తూ విని విని సాక్సఫోన్ మీద పిచ్చి పెంచుకుని ఊరికి తిరిగివచ్చి, ఫ్యాన్సీ దుకాణం పెట్టుకున్నారు. శెట్టిగారిది కర్ణాటక సంగీతం, అందులోనూ వేణువంటే ప్రాణం. ప్రతి ఆదివారం శెట్టిగారి మిద్దె మీద ఈ ఇద్దరూ, గిద్దలూరు నుంచి బస్సులో వచ్చే ఒక లెక్చరరూ కూర్చునేవారు. ఎవరికి నచ్చిన కచేరీ వారు తేవాలి. పూర్తయ్యేదాకా ఆహా అనడం తప్ప ఎవరూ మాట్లాడకూడదు. తరువాత తెచ్చినవారు దాన్ని మొదట ఎక్కడ విన్నారో చెప్పాలి. ఎన్నో ఏళ్ళుగా సాగుతున్న కూటమి అది.

"ఇంతకుముందు ఆయన ఆహా అన్నాకనే మేము అనేవాళ్ళం. మానేసే ముందు మేము అన్నాక మా మొగాలు చూసి అంటా ఉండె" అన్నారు బాషాగారు.

ఆ ఆదివారం ల్యాప్‌టాప్, మిషన్‌కు తగిలించే తీగలు తీసుకుని వాళ్ళ మిద్దెకు వెళ్ళాను. కూటమి ఆగిపోవడంతో లెక్చరరు రాలేదు. శెట్టిగారు మొదట ఒప్పుకోలేదు. మాటలు బాగా వినబడుతున్నాయి, అది చాలన్నారు. బాషాగారు కదలకుండా కూర్చునేసరికి చివరకు తలదించుకుని చెప్పారు.

"వేణువు వణుకుతా ఉందమ్మా. నిలబెట్టి ఊదే చోట తెగి తెగి, నీళ్ళల్లో ఊదినట్టు వస్తా ఉంది. మిషన్ మంచిదే, మాటకు ఏం తక్కువ లేదు. నా బుర్రే చెడిపోయిందనుకున్నా. చెప్పుకునేదానికి సిగ్గయింది."

"నాకు చెప్పేదానికి కూడానా అన్నా?" అన్నారు బాషాగారు.

శెట్టిగారి బుర్రకేమీ కాలేదు. వినికిడి మిషన్లు మాట కోసం తయారైనవి. మిషన్ నుంచి వెలువడిన ధ్వని మళ్ళీ దాని మైకులోకే వెళితే కుయ్యిమని ఈల పుడుతుంది. దాన్ని పసిగట్టి అణచివేసే ఏర్పాటు లోపల ఉంటుంది. సన్నగా, నిలకడగా సాగే ధ్వని ఏదైనా దానికి ఈలే. విద్వాంసుడు ఊపిరి బిగబట్టి నిలిపిన స్వరాన్ని అది పనిగట్టుకుని చెరిపేస్తోంది. ఇది చెప్పగానే శెట్టిగారు తలెత్తి, "అయితే నేను కాదన్నమాట" అన్నారు.

సంగీతానికని విడిగా ఇంకో అమరిక చేసి, మీట నొక్కితే మారేలా పెట్టాను. ఈలను అణచే ఏర్పాటు తీసేస్తే నిజంగానే ఈల పుడుతుంది కనుక, హెచ్చు స్థాయి ధ్వనుల బలం కొంత తగ్గించక తప్పలేదు. బాషాగారు అట్టపెట్టెలోంచి తెచ్చిన ఒకే వేణు కచేరీని వెనక్కి తిప్పి తిప్పి పెట్టారు. నేను ఒక్కొక్క మెట్టే మారుస్తూ పోయాను. సాయంత్రానికి శెట్టిగారి చెయ్యి తొడమీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది.

"వణుకు పోయింది. కానీ పైకి పోయినప్పుడు ఏం లేదమ్మా. ఊదేది ఆపేసినట్టు ఉంది."

అది మిషన్ తేగలిగింది కాదనీ, ఆ భాగం చెవిలోనే పోయిందనీ చెప్పవలసి వచ్చింది. ఆయన మిషన్లు తీసి అరచేతిలో పెట్టుకున్నారు. బాషాగారు లేచి తన సాక్సఫోన్ రికార్డింగు పెట్టి, మిషన్లు పెట్టుకొమ్మని సైగ చేశారు. అడుగు స్వరాల్లో నెమ్మదిగా సాగే వాద్యం అది. శెట్టిగారు దాన్ని ఎప్పుడూ హోటల్ పాట అని వెక్కిరించేవారట.

"ఇది మొత్తం వినబడతా ఉంది రా బాషా."

శెట్టిగారు తన సాక్సఫోన్‌ను మెచ్చే రోజు కోసం ఎన్నో ఏళ్ళుగా చూసిన బాషాగారు సంతోషించలేదు. "నాకు నీ వేణువే కావాల అన్నా" అంటూ కళ్ళు తుడుచుకున్నారు.

శెట్టిగారు ఆదివారాల్లో మళ్ళీ కూటమికి కూర్చోసాగారు. పెట్టెలోంచి వీణ, వయొలిన్ క్యాసెట్లు వెనక్కి తెచ్చుకుని, వేణువు క్యాసెట్లు మాత్రం బాషాగారి దగ్గరే ఉంచేశారు. వాటిని తన వంతు వచ్చినప్పుడు బాషాగారే తెచ్చి పెట్టేవారు. ఒకసారి నేనూ ఉన్నాను. స్వరం పైకి పోయిన చోట శెట్టిగారు కళ్ళు మూసుకుని, తమకు తెలిసిన దారిలో చేత్తో గాలిలో గీస్తూ వెళ్ళి, స్వరం కిందికి దిగేసరికి సరిగ్గా దానితో కలిశారు.

అప్పటి నుంచి నా పరీక్ష క్రమం మార్చుకున్నాను. చెవికి యంత్రం తగిలించక ముందే, ఏం వినాలని వచ్చారో అడిగేదాన్ని. అర్ధవీడు నుంచి వచ్చిన ఒక పెద్దామె మనుషుల మాట అక్కర్లేదనీ, మేకల మెడలో గంటలు ఎటు మోగుతున్నాయో తెలిస్తే చాలనీ చెప్పింది. ఆమె అమరిక అలాగే చేశాను. వినికిడి ఎంత పోయిందో మా కొలత చెబుతుంది. అందులో ఏది పోతే ఆ మనిషికి లోటో తెలియాలంటే ఆ మనిషినే అడగాలి.